పిప్పిగోళ్లకు నెలకో వారం మందు సరిపోతుందా?

మా పెద్దమ్మ వాళ్ల అబ్బాయి ఈమధ్య ఫోన్ చేశాడు. రెండు కాళ్ల బొటనవేళ్ల గోళ్లూ పసుపుపచ్చగా మారి, మందంగా తయారై, చివర్లు పొడిపొడిగా రాలుతున్నాయట. డాక్టర్ చూసి ఫంగస్ అన్నారు, రెండు దార్లు చెప్పారు. ఒకటి టెర్బినఫిన్ 250 మిల్లీగ్రాముల టాబ్లెట్ రోజుకొకటి చొప్పున 12 వారాలు. రెండోది ఇట్రాకొనజోల్. ఇది నెలకు ఒక్క వారమే, ఉదయం 200, రాత్రి 200. మిగతా మూడు వారాలు ఏమీ వేసుకోనక్కర్లేదు. అలా మూడు నెలలు. దీన్నే పల్స్ కోర్సు అంటారు. "రెండూ ఒకటే, మీ ఇష్టం" అన్నారట. "రెండూ ఒకటే అయినప్పుడు వారం మందే నయం కదా, మిగతా మూడు వారాలూ ఏ టెన్షనూ ఉండదు. నువ్వేమంటావ్?" అని అడిగాడు అన్నయ్య.

నేను డాక్టర్ని కాను. అమ్మ గోళ్లకు ఇదే వైద్యం జరిగినన్నాళ్లూ పక్కనే ఉండి చూశాను, ప్రతి సందేహానికీ దొరికిన పేపరల్లా చదివాను. ఆ చదువులో ఏర్పడిన అభిప్రాయం ఇది: కాలి గోళ్లకు పల్స్ కోర్సును "రెండూ ఒకటే" అని చెప్పి ఇవ్వడం సరికాదు. పల్స్‌కు తగిన చోటు ఉంది, కానీ ఆ చోటు మనిషిని బట్టి, ఫంగస్‌ను బట్టి తేలాలి. మందు మింగే రోజులు తక్కువన్న ఒక్క కారణంతో దాన్ని ఎంచుకోకూడదు. ఫోన్లో అన్నయ్యకు ఇందులో సగమే చెప్పగలిగాను. మిగతా సగం చెప్పాలంటే నా వాదనకు ఎదురొచ్చే సంగతులు కూడా చెప్పాలి, అవి తక్కువేం కాదు.

మూడు వారాలు మందు ఎక్కడుంటుంది

మొదట పల్స్ పక్షాన మాట్లాడతాను, ఎందుకంటే దాని వెనకున్న ఆలోచన నిజంగా బాగుంటుంది.

గోరు మొదట్లో, చర్మం కింద దాగిన భాగంలో గోరు తయారవుతుంది. మింగిన మందు రక్తంలోంచి అక్కడికి చేరి, కొత్తగా పుట్టే గోట్లో కలిసిపోతుంది. గోటి కిందున్న చర్మంలోంచి కూడా పైకి ఎక్కుతుంది. ఇట్రాకొనజోల్‌కు గోరు తయారయ్యే ప్రొటీన్, కెరాటిన్ అంటే బాగా పట్టు. అందుకే కోర్సు మొదలైన ఒకటి రెండు వారాలకే గోటి చివర్లో కూడా కనబడుతుంది, కోర్సు పూర్తయ్యాక 6 నుంచి 9 నెలల దాకా గోట్లో నిలిచి ఉంటుంది. రక్తంలోంచి మాత్రం వారం, రెండు వారాల్లో దాదాపు వెళ్లిపోతుంది. అంటే లివర్‌కూ మిగతా ఒంటికీ విశ్రాంతి, ఫంగస్‌కు మాత్రం విశ్రాంతి లేదు. మందు మింగని మూడు వారాలూ గోట్లో మందు పని చేస్తూనే ఉంటుంది.

దీని విలువ తెలియాలంటే అంతకు ముందున్న వైద్యం గుర్తు చేసుకోవాలి. 1950ల చివర్లో మనుషులకు వాడడం మొదలైన గ్రిసియోఫుల్విన్ చాలాకాలం ఏకైక నోటి మందు. అది ఫంగస్‌ను చంపదు, పెరగకుండా ఆపుతుంది. గోట్లో నిలవ ఉండదు. కాబట్టి కాలి గోరు మొత్తం మారేదాకా, ఏడాది, ఏడాదిన్నర, రోజూ వేసుకోవాల్సిందే. అంత చేసినా చాలామందికి నయమయ్యేది కాదు, అయినవాళ్లకు మళ్లీ వచ్చేది. ఆ రోజుల నుంచి చూస్తే 1990లలో వచ్చిన పల్స్ పద్ధతి గొప్ప ఊరట. ఇట్రాకొనజోల్ రోజూ 200 చొప్పున 12 వారాలు వేసుకుంటే మొత్తం 16,800 మిల్లీగ్రాములు. మూడు పల్సులు కలిపితే 8,400. సరిగ్గా సగం. పైగా ఇట్రాకొనజోల్‌ను రోజూ వేసుకున్నా, పల్సుగా వేసుకున్నా ఫలితంలో చెప్పుకోదగ్గ తేడా రాలేదని పోల్చి చూసిన ప్రయోగాలు తేల్చాయి. ఒకే మందును సగం మింగి అదే ఫలితం పొందగలిగితే కాదనేదెవరు?

నా పేచీ ఇట్రాకొనజోల్ పల్సును ఇట్రాకొనజోల్‌తో పోల్చినప్పుడు రాదు. దాన్ని రోజూ వేసుకునే టెర్బినఫిన్ పక్కన పెట్టి రెండూ ఒకటే అన్నప్పుడు వస్తుంది.

రెండూ ఒకటి కాదని చూపించిన లెక్కలు

1999లో బ్రిటిష్ మెడికల్ జర్నల్లో లయన్ స్టడీ అనే పేరుతో ఒక ప్రయోగం ఫలితాలు వచ్చాయి. కాలి గోళ్లలో ఫంగస్ ఉన్న 496 మందిని నాలుగు గుంపులుగా విడదీశారు. రెండు గుంపులకు టెర్బినఫిన్ రోజూ, ఒకరికి 12 వారాలు, ఒకరికి 16 వారాలు. మిగతా రెండు గుంపులకు ఇట్రాకొనజోల్ పల్సులు, ఒకరికి మూడు, ఒకరికి నాలుగు. ఎవరు ఏ మందు వేసుకుంటున్నారో వాళ్లకూ తెలియదు, చూసే డాక్టర్లకూ తెలియదు. 72 వారాలకు ల్యాబ్ పరీక్షలో ఫంగస్ లేదని తేలినవాళ్లు టెర్బినఫిన్ గుంపుల్లో 75.7 శాతం, 80.8 శాతం. ఇట్రాకొనజోల్ పల్సు గుంపుల్లో 38.3 శాతం, 49.1 శాతం. అంటే ఒక పల్సు ఎక్కువ వేసుకున్నవాళ్లు కూడా తక్కువ కాలం టెర్బినఫిన్ వేసుకున్నవాళ్ల దరిదాపుల్లోకి రాలేదు.

ఈ ప్రయోగంలో ఐస్‌లాండ్‌లో పాల్గొన్న 151 మందిని ఐదేళ్ల దాకా గమనించి 2002లో మరో పేపర్ వేశారు. మళ్లీ మందు అవసరం లేకుండా ఫంగస్ లేకుండా ఉన్నవాళ్లు టెర్బినఫిన్ వైపు 46 శాతం, ఇట్రాకొనజోల్ వైపు 13 శాతం. ఈ రెండో జత అంకెలు నన్ను ఎక్కువ ఆలోచింపజేశాయి. మెరుగైన మందుతో కూడా ఐదేళ్లకు సగానికి తక్కువమందే బాగున్నారంటే, ఈ జబ్బును తేలిగ్గా "ఏడు రోజుల మందు" అని మాట్లాడడానికి లేదు.

ఇక్కడ న్యాయంగా ఒప్పుకోవాల్సిన సంగతులు రెండున్నాయి. మొదటిది, లయన్ స్టడీకి డబ్బు పెట్టింది టెర్బినఫిన్ తయారుచేసిన కంపెనీ, నొవార్టిస్. ఇది తెలిసినప్పుడు నాకు కాళ్ల కింద నేల కాస్త కదిలినట్టయింది. కానీ వైద్య ప్రయోగాలను కలిపి సమీక్షించే కాక్రేన్ సంస్థ 2017లో అన్ని ప్రయోగాలనూ కలిపి చూసి చెప్పిందీ అదే: టెర్బినఫిన్, అజోల్ మందులు (ఇట్రాకొనజోల్ ఈ వర్గానిదే) రెండూ పనిచేస్తాయి, నయమయ్యే అవకాశం టెర్బినఫిన్‌తో ఎక్కువ ఉండవచ్చు, దుష్ఫలితాల్లో తేడా లేదు. అక్కడ భాష జాగ్రత్తగా ఉంది, తేడా ఎంతన్నది లయన్ అంత భారీగా చెప్పలేదు. దిశ మాత్రం అదే.

రెండోది ఇంకా ముఖ్యం. లయన్ స్టడీలో మందూ వేరు, వేసుకునే పద్ధతీ వేరు. ఓడిపోయింది విరామమా, మందా? దాన్నిబట్టి మాత్రమే చెప్పలేం. దీనికి జవాబు వేరే చోట వెతకాలి. టెర్బినఫిన్ కూడా గోట్లో నెలల తరబడి నిలిచి ఉంటుంది కాబట్టి దాన్నీ పల్సుగా ఇచ్చి చూశారు. అమెరికాలో మాజీ సైనికుల ఆసుపత్రిలో 306 మంది మీద చేసిన ఆ ప్రయోగం 2005లో వచ్చింది. సగంమందికి రోజూ 250 చొప్పున మూడు నెలలు. సగంమందికి నెలకు ఒక్క వారం, రోజుకు 500 చొప్పున మూడు నెలలు. ఫంగస్ పోయినవాళ్లు రోజూ వేసుకున్న గుంపులో సుమారు 71 శాతం, పల్సు గుంపులో సుమారు 59 శాతం. ఇక్కడ మందు ఒక్కటే, మారింది పద్ధతి, దాంతో పాటు మొత్తం మోతాదు కూడా సగమైంది. తేడా లయన్‌లో ఉన్నంత లేదు, కానీ ఉంది.

రెండు ప్రయోగాలూ పక్కపక్కన పెట్టి చూస్తే నాకు అర్థమైంది ఇది. ఇట్రాకొనజోల్ వెనకబడడానికి ప్రధాన కారణం విరామం కాదు. కాలి గోళ్లలో ఎక్కువగా చేరే ట్రైకోఫైటాన్ రూబ్రమ్ లాంటి డెర్మటోఫైట్ (చర్మం, గోళ్ల కెరాటిన్ మీద బతికే) ఫంగస్‌లను టెర్బినఫిన్ చంపుతుంది, ఇట్రాకొనజోల్ ప్రధానంగా పెరగకుండా ఆపుతుంది. అసలు బలహీనత అక్కడుంది. టెర్బినఫిన్ విషయానికొస్తే విరామం కొంత నష్టం చేస్తోంది. గోట్లో మందు నిలవ ఉంటే చాలన్న లెక్క కాగితం మీద బాగున్నంతగా కాలి మీద నడవలేదు. నాలుగు వారాలు వేసుకుని, నాలుగు వారాలు ఆపి, మళ్లీ నాలుగు వారాలు వేసుకునే టెర్బినఫిన్ పద్ధతికి రోజూ వేసుకున్నంత ఫలితం ఇంచుమించుగా వచ్చిన ప్రయోగం కూడా ఉంది. ఆ పద్ధతిలో మొత్తం 14,000 మిల్లీగ్రాములు. రోజూ కోర్సులో 21,000, వారం పల్సులో 10,500. కాబట్టి విరామం అనగానే తోసిపుచ్చలేను. విరామం ఎంత పొడుగు, మధ్యలో ఒంట్లోకి వెళ్లే మందు ఎంత అన్నదాన్ని బట్టి మాట్లాడాలి.

రోజూ వేసుకుంటే కదా

ఈ వాదన మా పిన్ని దగ్గర పెడితే ఆవిడ ఒక్క మాటతో ఆపేసింది. "ప్రయోగంలో వాళ్లు గుర్తుచేసి మరీ వేయిస్తారు. నాకెవరు గుర్తుచేస్తారు?" పిన్ని టెర్బినఫిన్ కోర్సు మొదలుపెట్టి, ఊళ్లు తిరగడం, పెళ్లి పనులు, మధ్యలో ఒకసారి జ్వరం, ఇలా వదిలేస్తూ వేసుకుంటూ చివరికి డబ్బాలో సగం టాబ్లెట్లు మిగిల్చింది. పల్సు అయితే ప్రతి నెలా మొదటి వారం అని ఒకటే గుర్తు. మిగతా రోజులు మర్చిపోవచ్చు.

పిన్ని మాటకు నా దగ్గర పూర్తి జవాబు లేదు. గోటి ఫంగస్ నొప్పి పెట్టదు, మందు ఆపితే వెంటనే ఏమీ కాదు, వేసుకుంటే వెంటనే ఏమీ కనబడదు. ఇలాంటి జబ్బుకు మూడు నెలలు రోజూ మాత్ర మింగడం అందరివల్లా కాదు. సగం వదిలేసిన టెర్బినఫిన్ కంటే పూర్తిగా వేసుకున్న పల్సు మేలు కావచ్చు. కానీ ఇదే పిన్ని బీపీ మాత్ర ఏళ్ల తరబడి ఒక్కరోజు తప్పకుండా వేసుకుంటోంది. దాని పక్కనే ఈ డబ్బా కూడా పెట్టుకోమని ఎవరైనా చెప్పి ఉంటే? మూడు నెలల్లో పదిరోజులు పోయినా, ఆ పదిరోజులు చివర్లో కలుపుకోవచ్చని ఒక మాట అని ఉంటే? ఆ మాటలు చెప్పి చూడకుండా "ఈవిడ వేసుకోదు" అని ముందే పల్సు రాసేయడం నాకు నచ్చదు.

చేతి గోళ్ల సంగతి వేరు. అవి నెలకు సుమారు 3 మిల్లీమీటర్లు పెరుగుతాయి, ఆరు నెలల్లో గోరు మారిపోతుంది. ఇట్రాకొనజోల్ రెండు పల్సులు చాలు. అమెరికాలో మందులకు అనుమతులిచ్చే సంస్థ ఎఫ్‌డీఏ పల్సు పద్ధతికి అనుమతిచ్చింది కూడా చేతి గోళ్లకే. కాలి గోళ్లకు అక్కడ అనుమతి ఉన్నది రోజువారీ కోర్సుకే. కాలి గోళ్ల పల్సు చాలా దేశాల్లో మామూలుగా వాడేదే, అయినా ఈ తేడా గుర్తుంచుకోవాలి. గోట్లో ఉన్నది క్యాండిడా అనే వేరే రకం ఫంగస్ అని తేలితే ఇట్రాకొనజోలే మెరుగు, టెర్బినఫిన్ దాని మీద అంత బలంగా పనిచేయదు. అప్పుడు పల్సు ఇస్తే నేను ఒక్క మాట కూడా అనను. చేతులు ఎప్పుడూ నీళ్లలో నానే పని చేసేవాళ్లకు గోటి చుట్టూ వాచి, గోరు చెడితే చాలాసార్లు అక్కడ కనబడేది క్యాండిడానే.

టెర్బినఫిన్‌కూ దాని ఇబ్బందులు దానికున్నాయి. మాకు తెలిసిన ఒకావిడకు దాంతో నాలుక రుచి పోయింది. ఏం తిన్నా అట్టముక్క తిన్నట్టుందని, తిండి మీద ఆసక్తి పోయి బరువు తగ్గిపోయింది. మందు ఆపాక కూడా రుచి తిరిగి రావడానికి నెలలు పట్టింది. అరుదే, కానీ అది పడ్డవాళ్లకు అరుదన్న మాట ఓదార్పునివ్వదు. లివర్ జబ్బు ఉన్నవాళ్లకు ఇవ్వకూడదు. ఇవన్నీ తెలిశాక పల్సు కావాలని ఎవరైనా కోరుకుంటే అది తెలిసి చేసిన ఎంపిక. నేను అడిగేదీ అదే.

తక్కువ రోజులంటే తక్కువ ప్రమాదం అనుకోవడం

పల్సు మీద నాకున్న పెద్ద భయం దాని పేరుకున్న తేలికదనం. వారం మందే కదా అని మిగతా మందుల సంగతి డాక్టర్‌కు చెప్పరు.

ఇట్రాకొనజోల్ లివర్‌లో మందుల్ని విరిచే ఒక ముఖ్యమైన ఎంజైమును అడ్డుకుంటుంది. కొలెస్టరాల్‌కు వాడే సిమ్వాస్టాటిన్, లోవాస్టాటిన్‌లాంటి మందులు దాంతో కలిస్తే ఒంట్లో వాటి స్థాయి విపరీతంగా పెరిగి కండరాలు దెబ్బతినే ప్రమాదం ఉంది, కలిపి వాడకూడదు. ఇంకా బీపీ, గుండె లయ, నిద్ర, రక్తం పలచబడడం వంటి వాటికి వాడే మందులు చాలానే ఈ జాబితాలో ఉన్నాయి. మందు ఆపిన మర్నాటికే ఈ ప్రభావం పోదు, విరామంలో మొదటి వారం, రెండో వారం కూడా ఉండొచ్చు. కాబట్టి "ఈ వారం మందు లేదు కదా" అని కొత్త మందు మొదలుపెట్టేముందు కూడా పల్సు సంగతి చెప్పాలి.

2001 మే నెలలో ఎఫ్‌డీఏ ఒక హెచ్చరిక ఇచ్చింది. ఇట్రాకొనజోల్ గుండె పంపు చేసే బలాన్ని తగ్గించగలదు కాబట్టి గుండె వైఫల్యం ఉన్నవాళ్లకు గోళ్ల కోసం ఇవ్వొద్దని, ఇట్రాకొనజోల్, టెర్బినఫిన్ రెండింటితోనూ అరుదుగా తీవ్రమైన లివర్ సమస్యలు వచ్చాయని చెప్పింది. ఇదే అజోల్ వర్గంలోని పాత మందు కీటోకొనజోల్ మాత్రల సంగతి ఇంకా తీవ్రం. 2013లో వాటి వాడకాన్ని బాగా కట్టడి చేశారు, గోళ్లకు వాడొద్దన్నారు. అయినా రాస్తూనే ఉన్నారని, ఒక ప్రాణం కూడా పోయిందని 2016లో మళ్లీ హెచ్చరించాల్సి వచ్చింది. ఒక గోటి కోసం! పాత చీటీ చూపించి ఆ మాత్రలు తెచ్చుకునేవాళ్లు ఇది చదువుతుంటే దయచేసి ఆపి డాక్టర్‌ను అడగండి.

దీనికి ఎదురు దిశలో ఇంకో ఇబ్బంది. ఇట్రాకొనజోల్ క్యాప్సూల్ ఒంటికి పట్టాలంటే కడుపులో ఆమ్లం ఉండాలి, కడుపు నిండా తిన్న వెంటనే వేసుకోవాలి. నాతో పనిచేసే ఒకాయన రెండు పల్సులు పూర్తిచేసి ఏ మార్పూ లేదని నిరాశపడ్డాడు. మాటల్లో బయటపడిందేమిటంటే, వేరే డాక్టర్ గ్యాస్ కోసం రాసిన ఒమెప్రజోల్ ఆయన రోజూ పొద్దున్నే పరగడుపున వేసుకుంటున్నాడు, ఆ తర్వాత కాసేపటికి ఈ క్యాప్సూల్ కూడా పరగడుపునే మింగుతున్నాడు. రెండు చీటీలూ ఎవరూ పక్కపక్కన పెట్టి చూడలేదు. రోజూ కోర్సులో ఇలాంటి పొరపాటు దొరికితే మిగిలిన వారాల్లో సర్దుకోవచ్చు. పల్సులో ఉన్నదే మూడు వారాలు. అందులో రెండు వృథా అయితే మిగిలేది ఒకటి.

ముందు అది ఫంగసేనా

రోజూ మందా, పల్సా అన్న చర్చ కంటే ముందు తేలాల్సింది ఇది. రంగు మారి, మందమైన గోళ్లలో ఇంచుమించు సగమే ఫంగస్. మిగతావి సోరియాసిస్ కావచ్చు, బిగుతు బూట్లలో ఏళ్ల తరబడి వేలు కొట్టుకోవడం కావచ్చు, వయసు కావచ్చు. చూసి చెప్పడం అనుభవమున్న డాక్టర్లకు కూడా కష్టమే. 2001 హెచ్చరికలోనే మందు రాసేముందు గోటి ముక్కను పరీక్షకు పంపమని ఉంది. అమెరికన్ అకాడమీ ఆఫ్ డెర్మటాలజీ 2013లో అదే చెప్పింది: ఫంగస్ అని నిర్ధారణ కాకుండా నోటి మందు రాయొద్దు.

అమ్మకు పరీక్ష చేసినప్పుడు దగ్గరుండి చూశాను. ముందు గోటిని స్పిరిట్‌తో తుడిచారు. పైకి పొడుచుకొచ్చిన పసుపు చివరను కత్తిరించి పక్కన పడేశారు. నేను అదే పంపిస్తారనుకున్నాను. కాదు, ఫంగస్ బతికి ఉండేది లోపలికి, ఆరోగ్యంగా ఉన్న గోటికీ చెడిన గోటికీ సరిహద్దులో. అక్కడిదాకా కత్తిరించి, గోటి కింద పేరుకున్న తెల్లటి పొడిని చిన్న గరిటెలాంటి పనిముట్టుతో గీరి నల్లకాగితం మీదికి రాల్చారు. నల్లకాగితం మీద ఆ పొడి స్పష్టంగా కనిపించింది. దాన్ని మడిచి రెండు భాగాలు చేశారు. ఒకటి పొటాషియం హైడ్రాక్సైడ్‌లో నానబెట్టి సూక్ష్మదర్శినిలో అప్పటికప్పుడు చూడడానికి, ఒకటి కల్చర్‌కు, అంటే ల్యాబ్‌లో ఫంగస్‌ను పెంచి చూడడానికి. కల్చర్ రిపోర్టుకు నాలుగు వారాల దాకా పడుతుంది, ఉన్న ఫంగస్‌ను కూడా అది చాలాసార్లు పట్టుకోలేదు. కత్తిరించిన గోటి ముక్కకు ప్యాస్ అనే రంగు వేసి చూసే పరీక్షకు పట్టుకునే శక్తి ఎక్కువ. అమ్మకు సూక్ష్మదర్శినిలోనే తెలిసింది. అంతకుముందే ఎక్కడో రాసిచ్చిన పూత మందు నెలల తరబడి రాసుకుని ఉండడంతో కల్చర్‌లో ఏమీ రాలేదు.

పరీక్ష అక్కర్లేదనే వాదనా ఉంది. 2016లో జామా డెర్మటాలజీ అనే వైద్య పత్రికలో వచ్చిన ఒక లెక్క ప్రకారం అమెరికాలో టెర్బినఫిన్ ఎంత చవకంటే, పరీక్షలన్నీ చేయించేకంటే నేరుగా మందు ఇచ్చేయడమే ఖర్చు తక్కువ, ప్రమాదమూ చాలా తక్కువ. ఖర్చు లెక్కగా అది నిజమే కావచ్చు. కానీ అది టెర్బినఫిన్ గురించి. ఇంకో నాలుగు మందులతో తగాదా పడే ఇట్రాకొనజోల్‌కు ఆ వాదనను అంటగట్టలేం. ఇంకో సంగతి, పరీక్ష లేకుండా మొదలుపెట్టి ఫలితం రాకపోతే ఆ తర్వాత ఏం చేయాలో ఎవరికీ తెలియదు. మందు పనిచేయలేదా, అసలు జబ్బే అది కాదా? మందు వేసుకున్నాక చేసే పరీక్ష సరిగా చెప్పలేదు. మొదట్లో తీసిన ఒక్క రిపోర్టు ఉంటే ఆ తర్వాతి ప్రతి నిర్ణయానికీ పనికొస్తుంది.

కోర్సు అయిపోయింది, గోరు అలాగే ఉంది

ఇది జరగని ఇల్లు లేదు. మూడో పల్సు అయిపోతుంది. గోరు చూస్తే మొదట్లో ఎలా ఉందో దాదాపు అలాగే ఉంటుంది. మందు పనిచేయలేదనుకుంటారు. కొందరు డాక్టర్‌ను మారుస్తారు. కొందరు, మా బాబాయిలాగా, అదే చీటీతో నాలుగో పల్సు, ఐదో పల్సు సొంతంగా వేసుకుంటారు. బాబాయి తప్పేముంది? కోర్సు మూడు నెలలన్నారు, మూడు నెలలకు నయం కావాలి అనుకున్నాడు.

కాలి గోరు నెలకు సుమారు ఒకటిన్నర మిల్లీమీటర్లు పెరుగుతుంది. చెడిపోయిన గోరు బాగుపడదు. దాని వెనక నుంచి మంచి గోరు పుట్టి, పాతదాన్ని ముందుకు నెట్టి, మనం కత్తిరిస్తూ పోతే అది వెళ్లిపోవాలి. బొటనవేలికి దీనికి 12 నుంచి 18 నెలలు పడుతుంది, పెద్దవాళ్లకు ఇంకా ఎక్కువే. కాబట్టి మూడో నెల చివర కనబడాల్సింది మొదట్లో నాలుగైదు మిల్లీమీటర్ల శుభ్రమైన గోరు. అంతే.

అమ్మ విషయంలో డాక్టర్ చేసిన ఒక చిన్న పని మా ఇంట్లో అందరి ఆత్రం తగ్గించింది. మంచి గోరు, చెడ్డ గోరు కలిసే చోట ఆకురాయి అంచుతో గోటి మీద ఒక సన్నటి గాటు పెట్టారు. "నెలనెలా ఈ గాటు ఎక్కడుందో, పసుపు ఎక్కడుందో చూడండి. గాటు వెనక పసుపు రాకపోతే మందు పనిచేస్తున్నట్టు" అన్నారు. అమ్మ స్నానం చేసి వచ్చి కాలు చాపితే నేను ఫోన్‌తో ఫొటో తీసేదాన్ని. ఆ గాటు ముందుకు జరగడం మొదటి నెల మాకు తెలియలేదు, తర్వాత తెలిసింది. దాని వెనక గోరు లేత గులాబీ రంగులో ఉంది. ఒక మూలన మాత్రం సన్నటి పసుపు చార లోపలికి పోతూ ఉంది. ఆ చార గుట్టుగా ఫంగస్ ముద్దకట్టి ఉన్న చోటు, అక్కడికి మందు సరిగా చేరదు. డాక్టర్ అక్కడి గోటిని కత్తిరించి, గీసి, తీసేశారు. మందుతో పాటు ఆ పని కూడా జరక్కపోతే అది మిగిలిపోయేదే. గోరు రెండు మిల్లీమీటర్ల కంటే మందంగా ఉన్నా, పక్క అంచు వెంట మొదటిదాకా పాకినా, ఏ పద్ధతిలో వేసుకున్నా మందు ఒక్కటే గట్టెక్కించడం కష్టం.

పల్స్ కోర్సులో ఈ మాట చెప్పకపోవడం మరీ పెద్ద లోపమని నేనంటాను. రోజూ మందు వేసుకునేవాళ్లకు కనీసం వైద్యం సాగుతోందన్న స్పృహ ఉంటుంది. పల్సువాళ్లకు మూడు వారాలు ఏమీ జరగనట్టే ఉంటుంది, పైగా గోరూ మారదు. ఆ ఖాళీలో అపనమ్మకం పెరుగుతుంది. చీటీ మీద ఒక్క వాక్యం, "గోరు మారడానికి ఏడాది పైన పడుతుంది, తొమ్మిదో నెలలో వచ్చి చూపించండి" అని రాస్తే బాబాయిలాంటివాళ్లు అనవసరంగా మందు మింగరు.

నయం అన్న మాటకు కూడా ప్రయోగాల్లో రెండు అర్థాలుంటాయి. పైన చెప్పిన శాతాలన్నీ ల్యాబ్‌లో ఫంగస్ కనబడని లెక్క. గోరు కూడా పూర్తిగా మామూలుగా మారిన లెక్క తీస్తే అంకెలు బాగా పడిపోతాయి. ఏళ్లుగా దెబ్బలు తిన్న గోరు ఫంగస్ పోయాక కూడా కొంచెం వంకరగానే పెరగొచ్చు. ఇది ముందే తెలిస్తే ఎదురుచూపు సరైన చోట ఉంటుంది.

మళ్లీ రావడం గురించి క్లుప్తంగా చెబుతాను. వేళ్ల సందుల్లో పొట్టు లేచి దురద పెట్టే ఫంగస్‌ను వదిలేసి గోటికి మాత్రమే వైద్యం చేస్తే అది తిరిగి గోట్లోకి వస్తుంది. దానికి పూత మందు వాడాలి, పాత బూట్ల సంగతి చూడాలి, ఇంట్లో ఇంకెవరికైనా ఉంటే వాళ్లకూ వైద్యం చేయించాలి.

అసలు మందు వద్దనుకునేవాళ్లు

ఇంతసేపూ రెండు కోర్సుల్లో ఏది అని మాట్లాడాను. కొందరికి రెండూ అక్కర్లేదు, ఆ మాట చెప్పడానికి డాక్టర్లు కూడా మొహమాటపడతారు. గర్భంతో ఉన్నవాళ్లు గోటి కోసం ఈ మాత్రలు మొదలుపెట్టకూడదు, కాన్పయ్యాక చూసుకోవచ్చు. గుండె బలహీనంగా ఉన్నవాళ్లకు ఇట్రాకొనజోల్ పల్సు రూపంలో కూడా వద్దు. అలాగని ఎనభై దాటినవాళ్లందరికీ వదిలేయమనీ కాదు. షుగర్ ఉండి, పాదంలో స్పర్శ తగ్గినవాళ్లకు మందపు గోరు పక్క చర్మాన్ని కోసి పుండు చేస్తే అది చిన్న విషయం కాదు, వాళ్లకు వైద్యం అవసరం ఎక్కువ.

నా స్నేహితురాలి నాన్నగారికి గుండె పంపు చేసే శక్తి తగ్గింది, లివర్ రిపోర్టు కూడా అంత బాగాలేదు. గోళ్లు బూటులో ఒత్తుకుని నడవనిచ్చేవి కావు. ఆయనకు కావాల్సింది నడక, అందమైన గోరు కాదు. డాక్టర్ నోటి మందు వద్దన్నారు. 40 శాతం యూరియా ఉన్న పూత రాసి, కట్టు కట్టి, మెత్తబడ్డ గోటిని పలచగా గీసేశారు. రెండు నెలలకోసారి అలా చేయించుకోమని, ముందు భాగం వెడల్పుగా ఉన్న చెప్పులు కొనుక్కోమని చెప్పారు. ఫంగస్ అక్కడే ఉంది. ఆయన పొద్దున్నే నడకకు వెళుతున్నారు.